ఫ్లూ టీకా కోసం రెండు చోట్ల తిరిగాం: మా కాలనీ క్లినిక్‌కు 5కి 4

2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం గురించి టీవీలో రోజంతా చెప్తున్న రోజులు. హర్యానాలో ఒకరు, కర్ణాటకలో ఒకరు చనిపోయారన్న వార్త వచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే మా అమ్మకు 67 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగర్, పైగా ఇంట్లో ఆరేళ్ల పాప స్కూలు నుంచి వారానికో దగ్గు మోసుకొస్తోంది. ఇంతకుముందు మేమెవరం ఫ్లూ టీకా వేయించుకోలేదు. పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు కాబట్టి ఎవరో ఒకరు గుర్తు చేస్తే తప్ప మనకు తట్టదు.

నా మొదటి అనుమానం, జబ్బు ఊరంతా పాకాక ఇప్పుడు వేయించుకుని ఏం లాభం అని. అమ్మ అనుమానం వేరు, "ఆ సూది పొడిపించుకుంటేనే జ్వరం వస్తుందట రా" అని. 2015లో స్వైన్‌ఫ్లూ వచ్చినప్పుడు గాంధీ ఆస్పత్రి వార్తలు చూసి నెల రోజులు గుడికి కూడా వెళ్లని మనిషి, టీకా అంటే మాత్రం వద్దంది.

ముందు ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్లాం. పేరు చెప్పను. డబ్బు కట్టించుకుని గదిలోకి పంపారు, నర్సు అప్పటికే సిరంజి పట్టుకుని నిలబడింది. బాక్స్ ఒకసారి చూపిస్తారా అని అడిగితే "అన్నీ ఒకటే సార్" అంది. ఏ సీజన్‌ది, గడువు ఎప్పటిదాకా అంటే జవాబు లేదు. పైగా "రేపటి నుంచి మీకు ఏ టెన్షన్ అక్కర్లేదు" అని భరోసా ఇచ్చింది. అది తప్పు. టీకా వేసుకున్నాక రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, ఆ మాట నమ్మి అమ్మ మర్నాడే ఏ పెళ్లికో వెళ్తే ఏమయ్యేది? డబ్బు వెనక్కి అడిగి బయటికి వచ్చేశాం, దానికే ముప్పావు గంట పట్టింది.

మార్చి 13, సోమవారం మా కాలనీ క్లినిక్‌కు వెళ్లాం. డాక్టరమ్మ ముందు అమ్మతో మాట్లాడింది. "గుడ్డు తింటే మీకు దద్దుర్లు లాంటివి వస్తాయా అమ్మా? ఇప్పుడు జ్వరం ఏమైనా ఉందా?" అని అడిగి, ఇందులో ఉన్నది చచ్చిన వైరస్ ముక్కలే, దీనివల్ల ఫ్లూ రాదు, చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మాత్రం ఉండొచ్చు అని చెప్పింది. నా ప్రశ్నకూ సూటిగానే జవాబు ఇచ్చింది. ఇది పూర్తిగా ఆపదు, టీకాలోని రకం, బయట తిరిగే వైరస్ రకం బాగా కలిసిన ఏడాది కూడా డాక్టరు దాకా వెళ్లాల్సిన ఫ్లూను నూటికి 40 నుంచి 60 వరకు తగ్గిస్తుంది, పెద్దవాళ్లలో ఇంకాస్త తక్కువ, కానీ వచ్చినా ఆస్పత్రిలో చేరేంత ముదరకుండా ఉండే అవకాశం ఎక్కువ, ఇంకా జబ్బు తిరుగుతూనే ఉంది కాబట్టి ఆలస్యమేమీ కాలేదు అంది. నా మనసు అక్కడే కుదుటపడింది, అమ్మ కూడా చెయ్యి చాపింది.

తర్వాత ఫ్రిజ్ తెరిచి (లోపల థర్మామీటర్ ఉంది, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి) బాక్స్ నా చేతికే ఇచ్చింది. 2022-23 సీజన్, గడువు ఇంకా మూడు నెలలు, లోపలి కాగితంలో హెచ్3ఎన్2 ఎదురుగా ఏ/డార్విన్/9/2021 అని (టీకాలో వాడిన వైరస్ పేరు) ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి ఏ రకాలు పెట్టాలో చెప్తుంది, అందుకే ఈ సీజన్ చూడటం ముఖ్యం, మీరూ తప్పకుండా అడగండి. మాకు వేసింది నాలుగు రకాల ఫ్లూ వైరస్‌లకు పనిచేసేది. ఇప్పుడు మీకు మూడు రకాలది ఇస్తే కంగారు పడొద్దు, యమగాటా అనే బీ రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా కనిపించలేదని దాన్ని తీసేయమన్నారు.

ఒక్కో డోసుకు 1,850 తీసుకున్నారు. ముగ్గురికీ కలిపి చిన్న మొత్తం కాదు. కార్డు మీద బ్యాచ్ స్టిక్కర్ అంటించారు, 20 నిమిషాలు కూర్చోబెట్టాకే పంపారు. అమ్మకు ఆ రాత్రి చెయ్యి లాగింది, పారాసిటమాల్ వేసుకుని పడుకుంది, మర్నాటికి మామూలే. పాపకు ఏమీ కాలేదు. జూలైలో అమ్మకు జలుబు చేసింది, అది ఫ్లూనో కాదో పరీక్ష చేయించలేదు కాబట్టి టీకా పనిచేసిందని గానీ చేయలేదని గానీ నేను చెప్పను.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, టీకాకు వచ్చిన మమ్మల్ని దగ్గుతున్న పేషెంట్ల మధ్యే 40 నిమిషాలు కూర్చోబెట్టారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దావిడను ఫ్లూ రాకూడదని టీకాకు తీసుకొస్తే, ఫ్లూ ఉన్నవాళ్ల పక్కన కూర్చోబెడితే ఎలా అని వెళ్తూ వెళ్తూ డాక్టరమ్మతోనే చెప్పాను.

తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి, ఈ విషయం ఆ పెద్ద ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు. పాప రెండో డోసుకు ఏప్రిల్ 10న మళ్లీ ఇక్కడికే వెళ్లాం. ఈసారి టీకాల వాళ్లకు మధ్యాహ్నం రెండు నుంచి మూడు అని బోర్డు పెట్టారు, బయట వరండాలో మూడు కుర్చీలు వేశారు.