రేణిగుంట రోడ్డు మెస్: సంగటి అద్భుతం, ఆ ఇద్దరి మౌనం జోలికి వెళ్లకండి

తిరుపతిలో మంచి రాగి సంగటి ఎక్కడ దొరుకుతుందని ఎవరడిగినా ఈమధ్య నేను చెప్పేది ఒక్కటే, రేణిగుంట రోడ్డులో ఇద్దరు రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్లు నడిపే మెస్. బోర్డు మీద పేరు కూడా ఉండదు, ‘సంగటి, భోజనం’ అని రాసి ఉంటుంది అంతే. సంగటిలో ఉండలుండవు, పిండి పచ్చివాసన రాదు, ముద్ద వేడిగా ఉండగానే విస్తట్లో పడుతుంది. నాటుకోడి పులుసులో కారం గట్టిగానే వేస్తారు, తట్టుకోలేనివాళ్లు ముందే చెప్పుకోవాలి. మాంసం తిననివాళ్లకి చెనక్కాయల ఊరుబిండి (వేరుశనగ పచ్చడి), ఆకుకూర పప్పు, రసం ఉంటాయి. చలికాలం అనపకాయలు వచ్చే రోజుల్లో పితికిపప్పు చేస్తారు, అది ఉన్న రోజు ఇంకేమీ అడక్కండి. సాంబారు మాత్రం నీళ్లలా ఉంటుంది. చేతులు కడుక్కునే చోటు మరీ ఇరుకు.

తిండి గురించి ఇంతే. నేనీ రివ్యూ రాస్తున్నది వేరే మాట చెప్పడానికి. తెలిసినవాళ్లు చాలామంది “తిండి బాగుంది గానీ ఆ ఇద్దరూ మొహమొహాలు చూసుకోరు, కూర్చుని తినేవాళ్లకే ఇబ్బందిగా ఉంటుంది” అంటున్నారు. ఒకాయనైతే ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేస్తానని బయల్దేరాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

వాళ్లిద్దరూ తోడల్లుళ్లు. 2015 మేలో 43 శాతం ఫిట్‌మెంట్ (జీతాల సవరణలో వచ్చే పెంపు) కోసం ఆర్టీసీ సమ్మె జరిగింది కదా, 6 నుంచి 13 దాకా, అప్పుడు పెద్దాయన డిపో గేటు దగ్గర శిబిరంలో కూర్చున్నాడు, చిన్నాయన ఆయన కళ్లముందే అదే గేటులోంచి బస్సు బయటికి తీశాడు. ఇంట్లో ఏదో అవసరం అంటారు, అదేమిటో నేను అడగలేదు, అడగను కూడా. ప్రభుత్వం చివరికి 43 శాతానికి ఒప్పుకుంది, సమ్మెలో కూర్చున్నవాళ్లకీ డ్యూటీ ఎక్కినవాళ్లకీ అదే ఫిట్‌మెంట్. ఇప్పుడు స్థలం ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది, వంటింట్లో అక్కచెల్లెళ్లిద్దరూ హాయిగా కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు. మగవాళ్ల మధ్య మాత్రం పనికి సంబంధించిన మాట తప్ప ఇంకో మాట ఉండదు.

ఎనిమిది రోజుల సంగతికి ఇన్నేళ్ల పట్టింపా అని అడిగేవాళ్లకి నా సమాధానం ఒకటుంది. నేను ఒక విమాన సంస్థలో గ్రౌండ్ స్టాఫ్‌గా చేసి రిటైరయ్యాను, పైలట్లలో ఈ పట్టింపు ఎంతకాలం ఉంటుందో విన్నాను, కొంత చూశాను. పైలట్‌కి ఉద్యోగంలో చేరిన వరుసని బట్టి వచ్చే సీనియారిటీ నంబరే సర్వస్వం. ఏ విమానం నడపాలి, ఏ రూటు, పండక్కి సెలవు దొరుకుతుందా, కెప్టెన్ ఎప్పుడవుతాడు, అన్నీ దాని మీదే. అమెరికాలో 1983లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ అధిపతి ఫ్రాంక్ లోరెంజో ఆ సంస్థని దివాలా కోర్టుకి తీసుకెళ్లి, యూనియన్ ఒప్పందాలు పక్కన పడేసి, జీతాలు సగానికి సగం కోస్తే పైలట్లు అక్టోబరు 1న సమ్మెకి దిగారు, అది 1985 దాకా నడిచింది. ఆ రెండేళ్లలో లైను దాటినవాళ్లు, అంటే సమ్మెకారులు గేటు దగ్గర కట్టిన వరుసని దాటి డ్యూటీకి వెళ్లినవాళ్లు, కెప్టెన్లయ్యారు, సమ్మె నుంచి తిరిగొచ్చినవాళ్లలో కొందరు వాళ్ల పక్కనే కోపైలట్లుగా కూర్చోవాల్సి వచ్చింది. నెల జీతం పోతే ఎప్పుడో ఒకప్పుడు పూడుతుంది, సీనియారిటీ పోతే రిటైరయ్యే దాకా రోజూ యూనిఫాం వేసుకున్నప్పుడల్లా గుర్తుకొస్తుంది.

అదే 1985లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో 29 రోజుల సమ్మె జరిగింది. అప్పటికి ట్రైనింగ్ తీసుకుని ఉద్యోగంలో చేరడానికి సిద్ధంగా ఉన్న కొత్త పైలట్లు సుమారు 570 మందిలో దాదాపు అందరూ లైను దాటలేదు. నాకు వీళ్లంటే చెప్పలేనంత గౌరవం. అలాంటివాళ్లని చూసినవాడు దాటినవాడితో “పోనీలే” అని చేయి కలపకపోతే తప్పెలా పట్టగలం? కాక్‌పిట్‌లో వెనకుండే అదనపు సీటులో తోటి పైలట్‌ని ఎక్కించుకోవాలా వద్దా అన్నది కెప్టెన్ ఇష్టం. సమ్మె దాటినవాళ్లకి ఆ సీటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి నిలబెట్టిన కెప్టెన్లున్నారు, దాటినవాళ్ల పేర్ల జాబితా బ్యాగులో పెట్టుకుని తిరిగినవాళ్లున్నారు.

మన దగ్గరా తక్కువేం కాదు. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 2007లో కలిశాక, 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతాల కోసం పది రోజులు సమ్మె చేస్తే పాత ఎయిర్ ఇండియా పైలట్లు విమానాలు నడిపారు. 2012లో డ్రీమ్‌లైనర్ శిక్షణ ఎవరికివ్వాలన్న గొడవ మీద పాత ఎయిర్ ఇండియా పైలట్లు దాదాపు రెండు నెలలు సమ్మె చేస్తే పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లు డ్యూటీ చేశారు.

ఇంత ఉన్నా ప్రయాణికులు భయపడాల్సిన పనిలేకపోవడానికి కారణం, కాక్‌పిట్‌లో ఏ మాట తప్పనిసరో ముందే రాసిపెట్టి ఉండటం. పదివేల అడుగుల లోపు పని మాట తప్ప ఇంకేదీ మాట్లాడకూడదని అమెరికాలో 1981లోనే రూలు పెట్టారు. చెక్‌లిస్ట్‌లో ఒకరు అడిగితే రెండోవాడు జవాబు చెప్పి తీరాలి, కెప్టెన్ తప్పు చేస్తే కోపైలట్ నోరు విప్పి తీరాలి. పైకి వెళ్లాక ఇద్దరూ కిటికీల్లోంచి చెరోవైపు చూస్తూ కూర్చున్నా నష్టం లేదు. “వాడే చూసుకుంటాడులే, నాకెందుకు” అని ఒకడు అనుకున్నప్పుడే ప్రమాదం.

ఈ మెస్‌లో నాకు నచ్చింది కూడా అదే. చిన్నాయన “రెండు సంగటి, ఒకటి కారం తక్కువ” అని కేకేస్తే లోపల్నుంచి పెద్దాయన అదే మాట తిరిగి చెబుతాడు, చెప్పేదాకా చిన్నాయన వంటింటి కిటికీ దగ్గర్నుంచి కదలడు. ఒకరోజు బాగా రద్దీగా ఉన్నప్పుడు చిన్నాయన లోపలికెళ్లి “పులుసులో ఉప్పెక్కువైంది” అన్నాడు. పెద్దాయన గరిటెతో చేతిలో వేసుకుని రుచి చూసి, గిన్నె పొయ్యి మీంచి దించి, “ఇంకో ఇరవై నిమిషాలని చెప్పు” అన్నాడు. వాదన లేదు, మొహం మాడ్చుకోవడం లేదు. నవ్వుతూ భుజాలు తట్టుకునే భాగస్వాములుండే హోటళ్లలో నేను ఉప్పు పులుసు తిని డబ్బులిచ్చి వచ్చాను, ఒక్కరూ చెప్పుకోలేదు.

వెళ్లేవాళ్లు పన్నెండున్నరకల్లా వెళ్లండి, ఒంటిగంట దాటితే చోటుండదు, కారు పెట్టుకోవడానికి స్థలం అసలే లేదు. బిల్లు చిన్నాయన దగ్గర, ఫోన్‌పే ఉంది. వంట నచ్చితే మాత్రం “ఆయనకి చెప్పన్నా” అని చిన్నాయనకి అప్పజెప్పకండి. కిటికీ దగ్గరికి వెళ్లి పెద్దాయనకి మీరే చెప్పండి.