ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో బీకాం: పట్టా వచ్చిన కొన్నేళ్లకు రాస్తున్న సమీక్ష

దూరవిద్యలో చేరిన కొత్తలో అనుభవాలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. పట్టా చేతికొచ్చి, దాన్ని నాలుగు చోట్ల చూపించి, ఎక్కడ చెల్లిందో ఎక్కడ చెల్లలేదో తెలిశాక రాసేవాళ్లు తక్కువ. అందుకే ఇది. యూనివర్సిటీ పేరు రాయడం లేదు. నా ఫిర్యాదుల్లో సగం మా స్టడీ సెంటర్ మీదివే, వేరే ఊళ్లో అదే యూనివర్సిటీ చక్కగా నడుస్తూ ఉండొచ్చు.

నాది ఇంటర్ సీఈసీ. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లయి చదువు ఆగిపోయింది. తర్వాత విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ సంస్థలో బిల్లింగ్‌లో చేరి, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ నేర్చుకుని అకౌంట్స్‌లోకి మారాను. కొత్తగా వచ్చిన పిల్లలకు పని నేర్పేది నేను, రెండేళ్లు తిరక్కుండా నాకంటే పై సీట్లో కూర్చునేది వాళ్లు. మా మేనేజర్ గారు మొహమాటపడకుండా చెప్పేశారు: "నీ పని మీద నాకు డౌటు లేదమ్మా. గ్రాడ్యుయేషన్ కాలమ్ ఖాళీగా ఉంటే హెడ్డాఫీసు వాళ్లు ఫైలు కూడా తెరవరు." 2019లో గ్రామ, వార్డు సచివాలయాల నోటిఫికేషన్ వచ్చినప్పుడు మా వీధిలో చాలామంది దరఖాస్తు చేశారు. పంచాయతీ కార్యదర్శి పోస్టుకు ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. నేను దరఖాస్తు కూడా పెట్టలేకపోయాను. మరుసటి ఏడాదే చేరాను.

చేరే ముందు ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. కరెంటు స్తంభాల మీద "వన్ సిట్టింగ్ డిగ్రీ" అని అంటించే బాపతు. పరీక్షలు "చూసుకుంటాం" అన్నారు, పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తామన్నారు, ఎక్కడో ఉత్తరాదిలో ఉన్న యూనివర్సిటీ పేరు చెప్పారు. అడిగిన డబ్బుతో నిజమైన డిగ్రీ మూడేళ్లూ చదివి ఇంకా మిగులుతుంది. ఇప్పుడు కాస్త పెద్ద కంపెనీ ఏదైనా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తుంది. అందులో దొరికితే డిగ్రీతో పాటు ఉద్యోగమూ పోతుంది. చేరబోయే కోర్సుకు ఆ సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం, అంటే డీఈబీ, వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రాష్ట్ర యూనివర్సిటీలు దూరవిద్యను తమ రాష్ట్రం దాటి నడపకూడదన్న నిబంధన కూడా ఉంది. 2024 నుంచి చేరేవాళ్లకు డీఈబీ ఐడీ తప్పనిసరి చేశారు. కాస్త తలనొప్పే గానీ మంచిదే.

చదువు మానేయకముందు రాసిన పరీక్షల మార్కులు కలుపుతారేమో అనుకున్నాను. కలపలేదు. పాసైన పేపర్ల క్రెడిట్లు దాచిపెట్టి తర్వాత వాడుకోనిచ్చే అకడమిక్ బ్యాంకు 2021లో గానీ రాలేదు. మా కాలపు యాన్యువల్ పరీక్షల మార్కులు పట్టుకెళ్తే కౌంటర్లో ఆయన ఒకసారి చూసి, "మొదటి సంవత్సరం నుంచే రాయండి మేడం" అన్నాడు. పాతవి కలుపుతారన్న ఆశతో ఎవరైనా చేరేటట్టయితే, అది రాతపూర్వకంగా తేల్చుకున్నాకే ఫీజు కట్టండి.

ఇక చదువు. నేను బాగా చెప్పగలిగేది దీని గురించే. బీకాం నాకు తేలిక అనుకున్నారు అందరూ, రోజూ చేసే పనే కదా అని. ట్యాలీలో ఎఫ్5 నొక్కితే పేమెంట్, ఎఫ్7 నొక్కితే జర్నల్. డెబిట్ ఒకవైపు వేస్తే రెండోది అదే సర్దుకుంటుంది, ట్రయల్ బ్యాలెన్స్ ఎప్పుడూ కలిసే ఉంటుంది. పరీక్షలో తెల్ల కాగితం మీద గీతలు కొట్టి, నెరేషన్ రాసి, లెడ్జరు కట్టి, చివర్లో రెండు వైపులా కూడితే తేడా వస్తుంది. ఆ తేడా ఎక్కడుందో చెప్పడానికి సాఫ్ట్‌వేర్ ఉండదు. కుక్కరుకు అలవాటుపడ్డ చేతికి కట్టెల పొయ్యి ఇచ్చినట్టుంటుంది. కానీ అలా చేత్తో చేయడం వల్లే తరుగుదలలో ఏటా ఒకే మొత్తం తగ్గించే స్ట్రెయిట్ లైన్ పద్ధతికీ, మిగిలిన విలువ మీద తగ్గించే రిటన్ డౌన్ వాల్యూ పద్ధతికీ తేడా బుర్రకెక్కింది. అంతకుముందు ఆడిటర్ గారు పంపిన అంకె వేయడమే తెలుసు.

దండగ అనుకున్న బిజినెస్ లా పేపరే ఆఫీసులో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. మెడికల్ షాపుల వాళ్లు ఇచ్చిన చెక్కులు బౌన్స్ అవడం మా వ్యాపారంలో మామూలే. ఫోన్లు చేసి బతిమాలడమే మా పద్ధతి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 చదివాక తెలిసింది: చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి, అది అందాక డబ్బు కట్టడానికి అవతలివాళ్లకు 15 రోజులు, కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కేసు. మా ఫైళ్లు తీస్తే సగం చెక్కులకు నోటీసు గడువు ఎప్పుడో దాటిపోయింది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో రాగానే తేదీ రాసిపెట్టే రిజిస్టరు నేనే మొదలుపెట్టాను. ప్రమోషన్ ఇచ్చేటప్పుడు మేనేజర్ గారు మెచ్చుకున్నది ఈ రిజిస్టరునే, డిగ్రీని కాదు. కాకపోతే డిగ్రీ లేకుండా ఆ ప్రమోషన్ ఫైలు కదిలేది కాదు.

ఇప్పుడు తిట్ల భాగం. పుస్తకాలు ఆలస్యంగా వచ్చాయి. మొదటి అసైన్‌మెంట్లు పీడీఎఫ్ చూసి రాసినవే. ఆదివారం కౌన్సెలింగ్ క్లాసులకు వెళ్తే ముగ్గురు నలుగురు ఉండేవాళ్లం, లెక్చరర్ గారు రాకపోతే ఆ ముగ్గురమే టీ తాగి వచ్చేవాళ్లం. ఇచ్చిన అసైన్‌మెంట్ ఆన్‌లైన్‌లో "అందలేదు" అని చూపించింది. ఇచ్చినప్పుడు తీసుకున్న రసీదు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోవడం వల్ల బతికిపోయాను. అసైన్‌మెంట్లను తేలిగ్గా తీసుకోవద్దు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోనే చూడండి, వాటికి 30 శాతం, పరీక్షకు 70 శాతం. అవి పడకపోతే పరీక్ష రాసినా ఆ పేపరు పూర్తయినట్టు కాదు. కరోనాలో వాయిదాల గురించి చెప్పేదేముంది, అందరూ పడ్డదే.

అకౌంట్స్‌లో ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేక కష్టం ఉంది. నెలలో 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి. పరీక్షల టైంటేబుల్‌కు వీటితో పని లేదు. సెలవు అడగడానికి వెళ్తే సరిగ్గా ఆ తేదీలే ఉండేవి. అందుకే ఏడాది మొదట్లోనే మేనేజర్ గారికి చెప్పి పెట్టుకుని, 20వ తేదీ ఫైలింగ్ పని ముందురోజు రాత్రికే ముగించి పరీక్షకు వెళ్లేదాన్ని. మా అత్తగారు మొదట్లో "ఈ వయసులో ఎందుకమ్మా టెన్షన్" అన్నారు. తర్వాత పరీక్షల వారమంతా వంటగది ఆవిడ చేతుల్లోనే ఉంది. చదవడానికి రోజూ టైం దొరకడం అనేది కథల్లో జరుగుతుంది. నాకు దొరికింది తెల్లవారుజాము, అదీ నెలలో 21 నుంచి నెలాఖరు వరకే. అలా చదివే పూర్తి చేశాను. మూడేళ్ల కోర్సు ఆరేళ్లలో పూర్తి చేసుకునే వీలు ఇగ్నో లాంటి చోట్ల ఉంది. ఒకేసారి అన్ని పేపర్లు రాయాలని ఎవరూ గొంతు మీద కూర్చోరు.

పట్టా వచ్చాక ఏమైంది? జీతం వెంటనే పెద్దగా పెరగలేదు. హోదా మారింది, చేతికొచ్చేది కాస్త పెరిగింది. అసలు తేడా ఉద్యోగం మారదామనుకున్నప్పుడు తెలిసింది. అంతకుముందు దరఖాస్తు పెడితే ఫోనే వచ్చేది కాదు. ఇప్పుడు పిలుస్తున్నారు. ఒక చోట ఇంటర్వ్యూలో "రెగ్యులరా, డిస్టెన్సా?" అని అడిగి ముఖం చిట్లించారు. గుర్తింపున్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్‌తో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ ఇచ్చిన సర్క్యులర్ ప్రింటు తీసి పట్టుకెళ్లాను. చదవకుండానే పక్కన పెట్టారు. ప్రభుత్వ నోటిఫికేషన్లో అది మాట్లాడుతుంది, ప్రైవేటు కంపెనీ తన ఇష్టం. రెండో చోట డిగ్రీ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, బ్యాంకు రికన్సిలియేషన్, అంటే మన పుస్తకాల లెక్కను బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడడం, చేయించి చూసి తీసుకున్నారు. ఇప్పుడు అక్కడే ఉన్నాను.

"ఓపెన్ డిగ్రీయా" అని వెటకారం చేసేవాళ్లకు ఒక మాట. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 1982లో మొదలైంది, ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మీద ఉంది. దానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా చేసిన జి. రాంరెడ్డి గారే 1985లో పుట్టిన ఇగ్నోకూ మొదటి వైస్ ఛాన్సలర్. వెటకారానికి మాత్రం ఇంకా వయసు మళ్లలేదు.

ఎవరికి పనికొస్తుంది? చేస్తున్న ఉద్యోగంలో "డిగ్రీ ఉండాలి" అన్న గీత దగ్గర ఆగిపోయినవాళ్లకు కచ్చితంగా. ఆ గీత ఏ పోస్టు దగ్గరుందో ముందు చూసుకుని కోర్సు ఎంచుకోండి, తేలిగ్గా ఉంటుందని కాదు. బ్యాంకు పీవో కోసం అనుకుంటే వయసు లెక్క చూసుకోండి, రిజర్వేషన్ సడలింపు లేనివాళ్లకు 30 దాటితే అవకాశం లేదు. సీఏలో మొదటి మెట్టయిన ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు, సీఏ ఇంటర్మీడియట్‌లో చేరాలంటే కామర్స్ డిగ్రీలో 55 శాతం కావాలి, కాబట్టి "పాసైతే చాలు" అనుకుని చదవకండి. కాస్ట్ అకౌంటెన్సీ కోర్సు సీఎంఏకు అయితే డిగ్రీ ఉంటే ఫౌండేషన్ రాయక్కర్లేదు. ఇంటర్ లేనివాళ్లు ముందు ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తి చేయడమే నయం, ఎందుకంటే కొన్ని నోటిఫికేషన్లలో పది, ఇంటర్, డిగ్రీ వరుసగా ఉన్నాయా అని చూస్తారు. కొత్త రంగంలోకి దూకడానికి మాత్రం ఈ డిగ్రీ ఒక్కటే సరిపోదు. పక్కన చేతిలో పని కూడా ఉండాలి.

మార్కులు వేయమంటే చదువుకు ఐదుకు నాలుగు, ఫీజుకు ఐదు, నిర్వహణకు రెండు. ఆ రెండులో ఒకటి, అసైన్‌మెంట్ గొడవ తేల్చిపెట్టిన స్టడీ సెంటర్ అటెండర్‌కు.