ఎనిమిది సిట్టింగుల టిక్ థెరపీ: డబ్బు కట్టేముందు చూసుకోవాల్సినవి

పిల్లాడు కళ్ళు టపటపా ఆర్పితే కంటి చుక్కలు, ముక్కు ఎగబీలిస్తే అలర్జీ మాత్రలు, గొంతు గీరితే దగ్గు సిరప్, పైన ఒక తాయెత్తు. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా టిక్‌లున్న (ఇలా ఆపుకోలేక పదేపదే వచ్చే కదలికలు, శబ్దాలున్న) పిల్లలు థెరపీ గదికి చేరేది తరచూ ఇన్ని మలుపులు తిరిగాకే. అక్కడ ఇచ్చే సీబీఐటీ (టిక్‌లను అదుపులో పెట్టుకోవడం నేర్పే ప్రవర్తన చికిత్స) అనే శిక్షణకు మా మార్కులు ఐదుకు నాలుగు. కోసిన ఆ ఒక్కటీ, దీని పేరు చెప్పి మామూలు కౌన్సెలింగ్ అంటగట్టే చోట్లు ఉంటాయని.

అసలు కోర్సు పది వారాల్లో ఎనిమిది సిట్టింగులు. మొదటి రెండూ గంటన్నర చొప్పున, మిగతావి గంట. ఆరు వారానికొకటి, చివరి రెండు పదిహేను రోజులకొకటి. 2010లో అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 126 మందిపై దీన్ని పరీక్షిస్తే, శిక్షణ పొందినవాళ్ళలో 52.5 శాతం మందికి స్పష్టంగా మెరుగైంది. ఊరట మాటలు, వివరణ మాత్రమే అందుకున్నవాళ్ళలో అది 18.5 శాతం. అంటే సగం మందికి పనిచేస్తుంది, అందరికీ కాదు. వారంలో నయం చేస్తామన్న బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్ళకండి. టిక్‌లు వాటంతటవే పెరుగుతాయి, తగ్గుతాయి. ఆ తగ్గిన వారం ఘనత ఎవరైనా తమ ఖాతాలో వేసుకోవచ్చు.

సరైన చోట జరిగే పని ఇలా ఉంటుంది. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే టిక్‌తో మొదలుపెట్టి, ఒక్కోదాన్నే పట్టుకుంటారు. అది వచ్చేముందు ఒంట్లో కలిగే గులనో, బిగుతునో పిల్లాడే గుర్తుపట్టేలా చేస్తారు. తర్వాత దానికి అడ్డుకదలిక, అంటే చేస్తున్నంతసేపూ ఆ టిక్ రావడం కష్టమయ్యే మరో కదలిక, నేర్పుతారు. మెడ విదిలించేవాడికి గడ్డం కాస్త కిందికి దించి మెడ కండరాలు మెల్లగా బిగించడం, భుజం ఎగరేసేవాడికి భుజం దించి మోచేయి పక్కకు ఆనించడం, గొంతు గీరేవాడికి నోరు మూసి ముక్కుతో నిదానంగా శ్వాస. దాన్ని ఒక నిమిషం, లేదా ఆ గుల పోయేవరకు, ఏది ఎక్కువైతే అంతసేపు పట్టాలి. పది సెకన్లకే వదిలేస్తే గుల తగ్గేలోపే టిక్ బయటపడుతుంది. ఇంట్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే.

"ఆపుకో నాయనా, నువ్వు తలచుకుంటే ఆగుతుంది" అని థెరపిస్టే అంటే ఫీజు వృథా. బిగబట్టడం వేరు, అడ్డుకదలిక వేరు. తల్లిదండ్రులకు పాఠం చెప్పనిదీ సగం సేవే. టిక్ వచ్చిన ప్రతిసారీ అమ్మ "మళ్ళీనా" అన్నా, హోంవర్క్ మాన్పించినా, అవి ఎక్కువవుతాయి. బడిలో మొదటి బెంచీ కూడా మేలు చేయదు. వెనకున్న నలభై జతల కళ్ళూ వాడి మెడ మీదే ఉంటాయి. గోడ పక్క సీటు అడగండి.

వెళ్ళేముందు ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసుకోండి, డాక్టర్ ఎదుట టిక్‌లు చాలాసార్లు మాయమైపోతాయి. మొదటి రోజు, టిక్‌ల తీవ్రత కొలిచే యేల్ స్కేల్ స్కోరు రాయించుకోండి: కదలికలకు 25, శబ్దాలకు 25, మొత్తం 50కి. పదో వారం మళ్ళీ రాయించండి. స్కోరు వేయనివాళ్ళకు తగ్గిందో లేదో తెలిసే దారి లేదు. మామూలు టిక్‌లకు ఎంఆర్‌ఐ, ఈఈజీ అక్కర్లేదు. కదలికలు పలు రకాలుగా, శబ్దం కనీసం ఒకటి, 18 ఏళ్ళలోపు మొదలై ఏడాది దాటితేనే టూరెట్ అంటారు. బూతులు వస్తేనే ఆ జబ్బనుకోవడం పొరపాటు. అది పదిమందిలో ఒకరిద్దరికే.

ఏడీహెచ్‌డీ (నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్య) తోడుంటే ముందు దాని సంగతి చూడాలి, లేకపోతే ఇంటి సాధన నడవదు. ఐదారేళ్ళవాళ్ళు టిక్‌కు ముందొచ్చే గులను పట్టలేరు, కాస్త పెద్దయ్యేదాకా ఆగడం మంచిది.

తిరుపతిలో రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ, స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగాలున్నాయి. చిత్తూరువాళ్ళకు వేలూరు సీఎంసీ దగ్గర. ఎక్కడైనా ఓపీలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: "అడ్డుకదలికల శిక్షణ ఇచ్చేవాళ్ళున్నారా, మందులేనా?" ప్రతి వారం రాలేకపోతే వీడియో కాల్‌లో చేస్తారేమో కనుక్కోండి, ఈ శిక్షణ అలా కూడా పనిచేస్తుంది. టిక్‌లకు ఇచ్చిన మందు క్లోనిడిన్ అయితే బాగుందని మీ అంతట మీరు ఆపేయకండి, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది.