పీహెచ్‌పీ అర్రేలతో ఆరేళ్ళు: నా గొడవంతా అన్‌సెట్‌తోనే

ఒడిశా పర్లాకిమిడిలో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టుకి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆర్డర్ల సైటు రాసి, ఆరేళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. ఇందులో జాబితాని అర్రే అంటారు, కావాలంటే చదరపు బ్రాకెట్లలో రాసుకుంటూ పోవడమే, సైజు ముందే చెప్పక్కర్లేదు, ఒడియా పేరు పక్కన తెలుగు పేరు, దాని పక్కన ధర, ఏది పెట్టినా పడుతుంది. ఈ సుఖం మరిగాక వేరే భాష వైపు మనసు పోలేదు.

అర్రేలోంచి ఒకదాన్ని తీసేసే అన్‌సెట్ మాత్రం నన్ను ఏడిపించింది.

పోయిన దసరా ముందు, ఆర్డర్లు ముంచెత్తుతున్న రోజున, ఏటి అవతల పాతపట్నం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "ఏటి బాబూ, లిస్టు తెల్లగా వస్తంది, సరుకులేవీ అవుపడ్డం లేదు!" నా ఫోన్లో చూస్తే అంతా బాగానే ఉంది. కొట్టాయనకి టెన్షన్, నాకు అంతకు రెట్టింపు. రాత్రి పదకొండు దాటాక దొరికింది. ఆయన ఐదు సరుకుల్లో మూడోది, శనగపప్పు, వద్దనుకున్నారు. నా కోడ్ దాన్ని అన్‌సెట్ చేసింది. పప్పు పోయింది గానీ వెనకవి ముందుకు జరగలేదు, సున్నా నుంచి లెక్కపెట్టే నంబర్లు 0, 1, 3, 4గా మిగిలాయి. సున్నా నుంచి వరుస తప్పితే, డేటాని బ్రౌజర్‌కి పంపే రూపంలోకి మార్చే జేసన్ ఎన్‌కోడ్ దాన్ని అర్రేగా పంపదు, ఆబ్జెక్టుగా, అంటే పేరు-విలువల జతలుగా పంపుతుంది. అవతల బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్‌లో, ఒక్కో సరుకునీ తీసుకుని చూపించడానికి నేను రాసిన ఫర్‌ఈచ్ ఆబ్జెక్టు మీద నడవదు, పేజీ అక్కడే ఆగిపోయింది. నేను టెస్ట్ చేసినప్పుడల్లా చివరి సరుకే తీసేవాణ్ణి, చివరిది తీస్తే వరుస చెడదు, అందుకే ఇన్నేళ్ళూ బయటపడలేదు.

అర్రే వాల్యూస్ అని ఒక్క లైను పెడితే నంబర్లు మళ్ళీ వరుసకొచ్చాయి. అర్రే ఫిల్టర్‌ది కూడా ఇదే తీరు, పాత నంబర్లే ఉంచేస్తుంది. అర్రే స్ప్లైస్ నయం, తీసేసి వరుస తనే సర్దుతుంది.

పైన మెచ్చుకున్న సుఖం ఉంది చూశారా, ఈ తిప్పలు కూడా అక్కడి నుంచే వచ్చాయి. పీహెచ్‌పీలో అర్రే అంటే వరుస గదులు కావు, వేసిన క్రమం గుర్తుంచుకునే కీ-విలువల జతలు, నంబరు కూడా ఒక కీ మాత్రమే. ఇది మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

2021లో వచ్చిన పీహెచ్‌పీ 8.1 వెర్షన్‌లో అర్రే ఈజ్ లిస్ట్ అనే ఫంక్షన్ ఉంది, వరుస సరిగ్గా ఉందో లేదో అదే చెప్తుంది. మా హోస్టింగ్ ఇంకా 7.4 మీదే ఉంది కాబట్టి ఆ చెక్ నేనే రాసుకున్నాను. ఒక్కణ్ణే రాసుకునే చిన్న కొట్టు సైటుకి నాకైతే ఈ అర్రేలు చాలు, పదిమంది కలిసి రాసే చోట ఇదే మాట అంటానో లేదో. సంక్రాంతికి హోస్టింగ్ మారుద్దామని కొట్టాయన అన్నారు, అప్పుడు నా చెక్ తీసేసి అది పెడతాను.