క్లాసులో ఎన్నో స్థానమో చెప్పే పేరెంట్ యాప్: 7 నెలలు వాడాక నా మాట

మా పాపకి 7 ఏళ్లు, రెండో క్లాసు. ఈ ఏడాది మొదట్లో స్కూలువాళ్లు తల్లిదండ్రులందరి చేతా ఒక యాప్ పెట్టించారు. హాజరు, హోంవర్కు, టెస్టు మార్కులు, టీచరు రాసే మాటలు అన్నీ అందులోనే. 7 నెలలుగా రోజూ వాడుతున్నాను. 5కి 2 ఇస్తున్నాను.

ఆ రెండూ హాజరు మెసేజ్‌కీ, పేపర్ ఫోటోలకీ. మెసేజ్ టైముకి వస్తుంది. దిద్దిన పేపర్ ఫోటో తీసి పెడతారు, వేళ్లతో పెద్దది చేస్తే పెన్సిల్ చెరిపిన మరక కూడా కనిపిస్తుంది. ఇది చాలా గొప్ప సౌకర్యం, దీని సంగతి మళ్లీ చెబుతాను.

మిగతా మూడూ తీసేసింది 'తోటివారితో పోలిక' అనే కార్డు వల్ల. టెస్టు అయిన ప్రతిసారీ యాప్ తెరవగానే మొట్టమొదట కనిపించేది అదే. పేపర్ ఫోటో చూడాలంటే దాన్ని దాటి, కిందికి జరిపి, ఇంకో పేజీ తెరవాలి. చిన్నపిల్లల స్కూలుకి యాప్ చేసేవాళ్లు ఇలా వరస పెట్టారంటే నాకు నిజంగా బాధగా ఉంది.

మొదటి లెక్కల టెస్టు రోజు సాయంత్రం పాప నా భుజం మీద వాలి ఉంది. ఫోన్ మోగింది, తెరిచాను. 'స్థానం 22/28, పర్సెంటైల్ 21', పక్కన కిందికి చూస్తున్న ఎర్ర బాణం. పాపకి అంకెలు చదవడం వచ్చు కదా. "అమ్మా, నా వెనకాల ఎంతమంది ఉన్నారు?" అంది. ఆరుగురు అన్నాను. ఆ ఆరుగురూ ఎవరై ఉంటారో వేళ్ల మీద పేర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగో వేలు దగ్గర ఆగి, తన పక్కన కూర్చునే పిల్ల పేరు చెప్పి, "దానికి నాకన్నా తక్కువే వచ్చుంటుంది కదమ్మా?" అంది. అంతకుముందు రోజు దాకా ఆ పిల్ల గురించి చెప్పిన కబుర్లన్నీ ఆటల గురించే.

నేను చేసింది కూడా చెప్పాలి. ఆ రాత్రి హోంవర్కు అడిగే వంకతో ఆ పిల్ల వాళ్లమ్మకి ఫోన్ చేసి మార్కులు కనుక్కున్నాను. 8 అంది. ఫోన్ పెట్టేశాక గుండెల్లో కలుక్కుమంది. మా పాపకి 7 వచ్చాయి, అంతే తేడా. అయినా నిద్ర పట్టలేదు.

మర్నాడు నెమ్మదిగా కూర్చుని ఆ కార్డు చదివాను. పర్సెంటైల్ 21 అంటే నూటికి 21 మార్కులు కాదు, క్లాసులో సుమారు 21 శాతం మందికి మా పాప కన్నా తక్కువ వచ్చాయని. ఈ మాట యాప్‌లో ఎక్కడా వివరించలేదు. కింద ఉన్న బార్ చార్టులో 8 మార్కులు వచ్చినవాళ్లే 9 మంది. అంటే ఇంకొక్క లెక్క సరిగ్గా చేసుంటే 22వ స్థానం కాస్తా 13 అయ్యేది. ఒక్క లెక్కకి 9 స్థానాలు! 10 మార్కుల టెస్టుకి ర్యాంకులు ఇస్తే ఇలాగే ఊగుతాయి.

తర్వాత పేపర్ ఫోటో తెరిచాను. తప్పయినవి మూడు, మూడూ తీసివేతలే. 32లోంచి 17 తీసేస్తే 25 అని రాసింది. 41లోంచి 28 తీసేస్తే 27 అట. కాసేపు చూశాక అర్థమైంది. పైన చిన్న అంకె, కింద పెద్ద అంకె వస్తే తిరగేసి పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తోంది. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం తెలియలేదు, అంతే. పుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పి చూపించాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. 22/28 అన్న అంకెని ఎంతసేపు చూసినా నాకు ఈ సంగతి తెలిసేది కాదు.

ఇంకొకటి, ఆ కార్డుకి పిల్లల పుట్టినరోజులతో పని లేదు. మా పాప క్లాసులో అందరికన్నా చిన్నది, అందరికన్నా పెద్ద పిల్లకి దీనికన్నా 11 నెలలు ఎక్కువ. 7 ఏళ్లంటే 84 నెలలు, అందులో 11 నెలలంటే ఎనిమిదో వంతు పైమాటే. ఒకే క్లాసులో వయసు తేడా వల్ల మార్కుల్లో తేడా వస్తుందని, అది చిన్న క్లాసుల్లో ఎక్కువగా ఉండి పెద్దయ్యేకొద్దీ తగ్గుతుందని చాలా దేశాల్లో పరిశోధనలు చూపించాయి. సింగపూర్‌లో 2019 నుంచి ప్రైమరీ మొదటి రెండు క్లాసులకి మార్కుల పరీక్షలు ఎత్తేశారు, రిపోర్టులో క్లాసు స్థానం వేయడం కూడా మానేశారు.

పోల్చడమే వద్దని నేను అనను. పిల్లల డాక్టరు దగ్గర బరువు, ఎత్తు చార్టు ఉంటుంది, అందులోనూ పర్సెంటైల్ గీతలే. కానీ డాక్టరు పక్కింటి పాప బరువు అడగరు. మన పాప చుక్కలు నెలనెలా ఒకే గీత వెంట వెళ్తున్నాయా, ఉన్నట్టుండి కిందికి జారుతున్నాయా అని చూస్తారు. చదువుకీ అలాంటిదే కావాలి. ఈ వయసుకి మామూలుగా ఏమేం వస్తాయో టీచరుని అడగాలి. నెలల తరబడి వెనకబడే ఉంటే చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. ఆ పోలిక పిల్లకి పనికొస్తుంది, అది పెద్దవాళ్ల మధ్యే ఉండాలి.

ఈ కార్డుని ఆపేయొచ్చు. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల కింద కాకుండా 'ప్రొఫైల్ కనిపించే తీరు'లో దాచారు, నాకు రెండు నెలల తర్వాత గానీ దొరకలేదు. యాప్ చేసినవాళ్లకి నా విన్నపం ఒక్కటే. చిన్న క్లాసులకి ఆ కార్డు మొదటినుంచే ఆపి ఉంచండి, దాని చోట పేపర్ ఫోటో పెట్టండి. అలా చేసిన రోజున మిగతా మూడూ ఇస్తాను.

నిన్నటి టెస్టులో పాపకి 10కి 8. తీసివేతలన్నీ కరెక్టు. తప్పయిన రెండూ గడియారం చూసి టైము చెప్పే లెక్కలు, చిన్న ముల్లునీ పెద్ద ముల్లునీ తారుమారు చేసింది. హాల్లో గోడ గడియారం కిందికి దించి, పాపకి అందే ఎత్తులో పెట్టాం.