చిన్న బడ్జెట్ హారర్‌కి ఏది మేలు: చేత్తో కలిపిన రక్తమా, కంప్యూటర్ రక్తమా, అసలు చూపించకపోవడమా?

హారర్ బాగా చూసేవాళ్ల కళ్లు రెండు చోట్ల ఆగుతాయి. రక్తం తడిగా ఉందా, నటి చూపు నిజంగా దేని మీదైనా నిలిచిందా. డబ్బు తక్కువగా ఉన్న సినిమాల్లో ఈ రెండూ ఎక్కువగా దెబ్బతినేది ‘మిగతాది గ్రాఫిక్స్‌లో చూసుకుందాం’ అనుకున్న చోటే. ఒంటికి తగిలేదేదైనా చేత్తోనే చేయాలి. కంప్యూటర్‌ని చెరపడానికి వాడుకోవాలి. దెయ్యాన్ని వీలైనంతసేపు చూపించకూడదు. ఎందుకో ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు రక్తం. 1960లో వచ్చిన ‘సైకో’ నలుపు తెలుపు సినిమా కాబట్టి చాక్లెట్ సిరప్ సరిపోయింది. రంగుల్లో అది బురదలా కనిపిస్తుంది. 1981 నాటి ‘ది ఈవిల్ డెడ్’ వాళ్లు మొక్కజొన్న సిరప్‌ని నమ్ముకున్నారు. మన దగ్గర దానికి బదులు లిక్విడ్ గ్లూకోజ్ వాడొచ్చు. కేకుల సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది.

కిలో గ్లూకోజ్‌కి గోరువెచ్చని నీళ్లు 150 మిల్లీలీటర్లు, ఎర్ర ఫుడ్ కలర్ ద్రవం 2 లేదా 3 టీస్పూన్లు, నీలం 3 లేదా 4 చుక్కలు, కోకో పొడి 1 టీస్పూను. కోకోని ముందు చెంచాడు నీళ్లలో ముద్దలా కలుపుకోవాలి, లేకపోతే ఉండలు కట్టి కెమెరా దగ్గరికి రాగానే బయటపడుతుంది. ఎరుపు ఒక్కటే వేస్తే రోజ్ సిరప్‌లా ఉంటుంది. నీలం పడితే రంగు లోతుకి దిగుతుంది, కోకో పడితే చిక్కదనం వచ్చి కింది చర్మం కనబడదు. తెల్ల టైల్ మీద ఒక చెంచా పోసి టైల్‌ని ఏటవాలుగా పట్టుకోండి. జారుతూ వెనకాల ఎర్రటి పొర వదలాలి. అంచులు గులాబీ రంగుకి తిరిగితే ఇంకాస్త కోకో పడాలి. ఆ పరీక్ష కూడా షూటింగ్‌కి వాడే లైట్ల కిందే, అదే కెమెరాతో చేయాలి. పసుపు వెలుగులో రక్తం నారింజకి తిరుగుతుంది, చల్లటి తెల్ల ఎల్‌ఈడీ కింద ఊదాకి తిరుగుతుంది. కంటికి బాగున్న రంగు మానిటర్‌లో తప్పడం మామూలే.

ఇబ్బందులూ ఉన్నాయి. గ్లూకోజ్‌కి చీమలు పడతాయి. పొలం గట్టునో పాత ఇంట్లోనో నటుణ్ని శవంలా గంటసేపు పడుకోబెట్టాలంటే పక్కన తడిగుడ్డ, బకెట్‌తో ఒక మనిషి ఉండి తీరాలి. ఫుడ్ కలర్ ఒంటికి పట్టి ఒకటి రెండు రోజులు వదలదు, అందుకే పూసే ముందు చర్మానికి పల్చగా వ్యాజిలిన్ రాయాలి. బట్టల మీద పోసే రక్తంలో చెంచాడు గిన్నెల సబ్బు ద్రవం కలిపితే ఉతికినప్పుడు చాలావరకు పోతుంది. నోట్లోంచి కారాల్సిన రక్తంలో మాత్రం సబ్బు పడకూడదు. ఆ సీసా వేరు, దాని మీద చీటీ వేరు. నేల మీద పడిన రక్తం జారుతుంది కాబట్టి పరుగెత్తే షాట్ దాని మీద పెట్టొద్దు.

గాయం అతికించాలంటే జెలటిన్, గ్లిజరిన్, నీళ్లు సమానంగా కలిపి వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. మరగనివ్వకూడదు, నురగ వస్తే బుడగలు అలాగే గట్టిపడతాయి. నూనె రాసిన పళ్లెంలో రెండు మూడు మిల్లీమీటర్ల మందాన పోసి, అంచులు సూది మొనలా పల్చగా దించాలి. గాయం అతికించినట్టు కనబడిందంటే తొంభై పాళ్లు అంచు మందంగా ఉండటమే కారణం. మే నెలలో లైట్ల కింద జెలటిన్ మెత్తబడి జారిపోతుంది. ఎండాకాలం షూటింగ్ అయితే లిక్విడ్ లేటెక్స్, దూది పొరలు నయం. కానీ లేటెక్స్ పడనివాళ్లుంటారు, ముందురోజే మోచేతి లోపలివైపు చుక్క రాసి చూడాలి. కనుబొమ్మలకి, జుట్టుకి తగలనివ్వకూడదు.

కారే రక్తానికి చేపల తొట్టెకి వాడే గాలి ట్యూబు, 50 మిల్లీలీటర్ల సిరంజి చాలు. ట్యూబు చొక్కా లోపలినుంచి గాయం దాకా వెళ్తుంది, సిరంజి పట్టుకున్న మనిషి ఫ్రేమ్ బయట కూర్చుంటాడు. టేక్‌కి ముందు ట్యూబులో గాలి లేకుండా చివరిదాకా రక్తం నింపాలి. లేదంటే నటుడు అరిచేశాక రెండు సెకన్లకి రక్తం వస్తుంది, అదీ బుడగలతో. చిక్కటి మిశ్రమం సన్నటి ట్యూబులో కదలదు, ఈ వాటాకి మాత్రం నీళ్లు ఎక్కువ పోయాలి.

చేతిపనికి అసలు ఖర్చు సామాను కాదు, సమయం. ఒక్కో టేక్ తర్వాత కడిగి, ఆరబెట్టి, కొత్త చొక్కా తొడిగి మళ్లీ నిలబెట్టేసరికి అరగంట సులువుగా పోతుంది. ఒకే రకం చొక్కాలు మూడో నాలుగో ఉండాలి. రెండో కెమెరా దొరికితే వాడాల్సింది ఇక్కడే.

ఇక కంప్యూటర్ రక్తం. సెకనుకి 24 ఫ్రేములంటే అయిదు సెకన్ల షాట్‌లో 120 ఫ్రేములు. నటుడు కదులుతూ, చొక్కా ముడతలు పడుతూ ఉంటే గాయం ప్రతి ఫ్రేములోనూ ఆ ముడతతో పాటు కదలాలి. చేతులు అడ్డం వస్తే రోటో చేయాలి, అంటే ప్రతి ఫ్రేములోనూ చేతి అంచు గీసి దాన్ని విడదీయాలి. ఇంత కష్టపడ్డా గుడ్డ తడవదు, వేళ్లకి అంటుకోదు, లైట్ దాని మీద మెరవదు. అన్నిటికంటే పెద్ద నష్టం నటుడిది: తన చేతికి తడి తగిలినప్పుడు ముఖంలో వచ్చే మార్పు ఎడిటింగ్‌లో పుట్టదు.

కానీ చెరపడంలో కంప్యూటర్‌ని మించింది లేదు. తేలుతూ వచ్చే దెయ్యమే తీసుకోండి. నటిని చక్రాల పలక మీద నిలబెట్టి, కుచ్చిళ్లు పలకని కప్పేసి నేలకి ఆనేలా చీర కట్టి, సన్నటి తాడుతో మెల్లగా లాగితే ఆమె నడవకుండా వస్తుంది. భుజాలు కదలవు. చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. కంప్యూటర్‌కి మిగిలే పని ఆ తాడు ఒక్కటే. దానికి కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉండాలి, అదే ఫ్రేమ్ మనుషులు లేకుండా పది సెకన్లు తీసిపెట్టుకోవాలి. తాడు ఉన్న చోట ఈ ఖాళీ షాట్ ముక్కనే అతికిస్తారు. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ మాన్యువల్‌లో బిగించాలి. ఆటోలో వదిలేస్తే నటి ఫ్రేములోకి రాగానే వెలుగు మారిపోయి ఖాళీ షాట్‌తో అతకదు. ఫ్యాన్ ఆపండి, కర్టెన్ కట్టేయండి, దీపం వెలుగుతుంటే అది చెరిపే చోటికి దూరంగా ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ 1/50 (సెకనులో యాభయ్యో వంతు) పెట్టకపోతే ట్యూబ్‌లైట్ మినుకుమినుకుమంటుంది, అప్పుడు ఏ రెండు ఫ్రేములూ కలవవు.

మూడోది, నా మొగ్గు ఉన్నది: చూపించకపోవడం. 1942లో ఆర్‌కేఓ స్టూడియో చిన్న బడ్జెట్‌లో తీసిన ‘క్యాట్ పీపుల్’లో ఒక ఆమె రాత్రి వీధిలో ఒంటరిగా నడుస్తుంటుంది. వెనకాల అడుగుల చప్పుడు ఆగిపోతుంది. ఆమె వేగం పెంచుతుంది. మృగం గుర్రుమన్నట్టే శబ్దం వస్తుంది. తీరా అది పక్కన ఆగిన బస్సు బ్రేకు. బస్సు ఒకటి, చప్పుడు ఒకటి, అంతే ఖర్చు. మన రవిబాబు 2012లో తీసిన ‘అవును’లో దెయ్యం కంటికి కనబడదు. ఏమీ లేనట్టున్న గదిలో అది ఎక్కడుందో వెతికే పని చూసేవాళ్ల మీద పడుతుంది, భయం అంతా ఆ వెతుకులాటలోనే ఉంది. 2007 నాటి ‘పారానార్మల్ యాక్టివిటీ’ని దర్శకుడు ఓరెన్ పెలీ సుమారు 15,000 డాలర్లతో తన సొంతింట్లో తీశాడు. కదలని కెమెరా, రాత్రి మంచం, పక్కన తెరిచిన తలుపు. కళ్లు ఆ తలుపుని వదిలి పోలేవు.

చూపించకపోవడం చవకే కానీ సులువు కాదు, భారమంతా సౌండ్ మీద పడుతుంది. భయపెట్టే క్షణానికి ముందు సంగీతం పెంచడం అందరూ చేసే తప్పు. దానికి బదులు కీచురాళ్ల చప్పుడు, ఫ్రిజ్ రొద రెండు మూడు సెకన్లలో మెల్లగా తగ్గించేయండి. చెవి ఖాళీ అవుతుంది, తర్వాత ఏదో గీకినట్టు చిన్న శబ్దం చాలు. 30, 40 హెర్ట్జ్ దగ్గర గుబగుబమనే శబ్దం థియేటర్లో గుండెని తాకుతుంది కానీ ఫోన్ స్పీకర్లో వినబడనే వినబడదు. యూట్యూబ్‌కి తీస్తుంటే అదే శబ్దానికి 150, 200 హెర్ట్జ్ దగ్గర ఇంకో పొర వేయాలి. ఎముక విరగడానికి మైకు దగ్గర ముల్లంగి విరవండి, కత్తిపోటుకి పుచ్చకాయని పొడవండి. ‘సైకో’లోనూ పుచ్చజాతి కాయనే పొడిచారు.

మూడు రోజుల్లో పదిహేను నిమిషాల షార్ట్ ఫిలిం తీసేవాళ్లకి ఇలా పంచుకోమని చెబుతాను. రక్తం షాట్లు మూడు నాలుగుకి మించొద్దు, అన్నీ దగ్గరి షాట్లే, అన్నీ చేత్తోనే. కంప్యూటర్ చెరపాల్సిన షాట్ ఒకటి, మహా అయితే రెండు. మిగిలిన భయం తలుపులకీ చీకటికీ చప్పుళ్లకీ వదిలేయండి. రక్తం షాట్లు చివరి రోజు చివరి పూట పెట్టుకోండి, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ల గోడలకీ దుప్పట్లకీ మరక పడినా అప్పటికి మీ మిగతా సీన్లు అయిపోయి ఉంటాయి. సోఫా మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద అదే రంగు పాత దుప్పటి పరవడం మరవద్దు.