రెండేళ్లు విన్న సైరన్లు: ఒక శబ్దాల ప్యాక్‌పై సమీక్ష

సిమ్యులేషన్ ఆటల్లో అగ్నిమాపక వాహనాలు, అంబులెన్సులు నడపడం నాకు ఎంతో ఇష్టం. కానీ ఆటతో పాటు వచ్చే సైరన్ ఎప్పుడూ బొమ్మ కారు శబ్దంలాగే ఉండేది. అందుకే రెండేళ్ల క్రితం, అసలు వాహనాల దగ్గర రికార్డు చేసిన సైరన్ శబ్దాల ప్యాక్ ఒకటి కొన్నాను. వారానికి నాలుగైదు రాత్రులు వింటున్నాను కాబట్టి దాని మంచీ చెడూ ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

నన్ను మొదట కట్టిపడేసింది పాత తరహా మోటారు సైరన్. దీనిలో స్పీకర్ ఉండదు. కంతలున్న చక్రం మోటారుతో గిరగిరా తిరుగుతూ గాలిని తెంచి తెంచి వదులుతుంది. వేగం పెరిగే కొద్దీ స్వరం పైకి పోతుంది. బటన్ నొక్కగానే ముందు లోపలెక్కడో ఒక మూలుగు, ఆపైన మెల్లగా లేచే కేక. బటన్ వదిలినా చక్రం వెంటనే ఆగదు కనుక స్వరం జారుతూ జారుతూ దిగుతుంది. ఆ దిగుడును ఎక్కడా కోయకుండా చివరిదాకా ఉంచారు. కూడలి దాటాక బటన్ వదిలేసి, అది ఇంజను శబ్దంలో కలిసిపోయేదాకా వింటూ ఉంటాను. ఇన్నాళ్లయినా విసుగు రాలేదు.

ఇక్కడే ఒక లోపమూ ఉంది. స్వరం సగం దిగాక మళ్లీ నొక్కితే ఉన్నచోటి నుంచే లేవాలి. ఇందులో మాత్రం అడుగు నుంచి మొదలవుతుంది. వరుసగా కూడళ్లు వచ్చే దారిలో ఇది చెవికి బాగా తగులుతుంది.

ఎలక్ట్రానిక్ సైరన్ల లయ సరిగ్గా ఉంది. నిదానంగా లేచి పడే ‘వెయిల్’ నిమిషానికి 10 నుంచి 30 సార్లు, గబగబా అరిచే ‘యెల్ప్’ 150 నుంచి 250 సార్లు తిరగాలి. వెయిల్‌ను గడియారం పెట్టి చూశాను: ఐదు సెకన్లకు ఒకటి, అంటే నిమిషానికి 12. జర్మనీ వాహనాల రెండు స్వరాల సైరన్ కూడా శ్రుతి తప్పలేదు. ఆ స్వరాల నిష్పత్తి 4:3, అంటే షడ్జమానికీ శుద్ధ మధ్యమానికీ ఉన్నంత దూరం.

నాలుగో నెలలో వెయిల్‌లో సన్నటి ‘టిక్’ పట్టుబడింది. పది సెకన్ల ఫైలే మళ్లీ మళ్లీ తిరుగుతోంది, అతుకు దగ్గర ఆ చప్పుడు. శబ్దాలను ఎడిట్ చేసే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి బాగా పెద్దది చేసి చూస్తే, తరంగం చివర ఒక ఎత్తులో ఆగిపోయి, మొదట్లో ఇంకో ఎత్తులో మొదలవుతోంది. రెండు కొసలనూ తరంగం సున్నా గీతను పైకి దాటే చోట కోశాను. టిక్ పోయింది.

కదిలే వాహనం పక్కన నిలబడి రికార్డు చేసిన ఫైలు ఒకటుంది, దాన్ని వాడకండి. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వాహనం మనల్ని దాటిపోతే, డాప్లర్ ప్రభావం వల్ల సైరన్ స్వరం దాదాపు రెండు స్వరస్థానాలు పడిపోతుంది. ఆ మార్పును ఆటే లెక్కకట్టి చేస్తుంది. ఫైలులోనూ అది ఉంటే రెండుసార్లు జరిగి స్వరం వంకర పోతుంది. ఆగి ఉన్న వాహనం దగ్గర తీసిన శబ్దమే ఆటకు పనికొస్తుంది. నా ఆటలో స్టీరియో ఫైళ్లు వాహనం ఎటున్నా రెండు చెవుల్లోనూ ఒకేలా మోగాయి. ఒకే ఛానల్ ఉండే మోనోకి మార్చాకే కుడి, ఎడమ తెలిశాయి.

క్యాబిన్ లోపలి శబ్దం ఈ ప్యాక్‌లో మేలైన భాగం. అద్దం మూసి ఉంటే పై స్వరాల పదును తగ్గి, పైకప్పు నుంచి దిగే గంభీరమైన మోతే మిగులుతుంది. అద్దం కాస్త దించితే పదును ఒక్కసారిగా లోపలికి వస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకునేవారు శబ్దాన్ని సగానికి తగ్గించుకోండి, గంటసేపు వింటే చెవులు అలసిపోతాయి.

డబ్బు పెట్టవచ్చా అంటే, ఫైళ్లను కాస్త సవరించుకునే ఓపిక ఉన్నవారు తప్పకుండా పెట్టవచ్చు. రెండు స్వరాల సైరన్ ఫైలులో మాత్రం ప్రతి ఇరవై సెకన్లకూ దూరంగా ఎవరో కారు తలుపు మూసిన శబ్దం వస్తుంది. సైరన్ మీదే పడటంతో దాన్ని వేరుచేయలేకపోయాను. తయారీదారులు ఆ ఒక్కటీ మళ్లీ రికార్డు చేసి ఇస్తే బాగుంటుంది.